మైళ్ల టికెట్ల బేరం వద్దు

కూతురి పురిటికో, కొడుకు పట్టా పుచ్చుకునే వేడుకకో అమెరికా వెళ్లే తల్లిదండ్రులు నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో చాలామందే ఉన్నారు. రానుపోను టికెట్టు లక్ష దాటడం మామూలు. సగం ధరకే ఇస్తామని ఆన్‌లైన్‌లో ఎవరైనా అంటే ఆశ పుడుతుంది. అలాంటి చౌక టికెట్లలో కొన్ని ఇతరుల ఖాతాలోని మైళ్లతో తీసినవి. తరచూ ప్రయాణించేవారికి విమాన సంస్థలిచ్చే ఈ పాయింట్లను దళారులు కొని, ముక్కూమొహం తెలియనివారి పేరున టికెట్లు తీస్తారు. కొన్ని ఖాతాలైతే దొంగిలించినవే.

సభ్యులు మైళ్లను అమ్ముకోవడాన్ని సంస్థల నిబంధనలు నిషేధిస్తాయి. బయటపడితే టికెట్టు రద్దు, ఖాతా మూత. అతిగా ఫిర్యాదులు చేశాడని ఖాతా కోల్పోయిన సభ్యుడికే 2014లో అమెరికా సుప్రీంకోర్టులో ఊరట దక్కలేదు. ఇక నిబంధన మీరినవారి మాట ఎవరు వింటారు? బ్యాంకులకు మైళ్లను తామే అమ్ముకునే సంస్థలు సభ్యులను కట్టడి చేయడం న్యాయమా అన్నది వేరే చర్చ. కానీ ఇంగ్లిషు రాని పెద్దావిడ టికెట్టు తిరుగు ప్రయాణంలో దోహాలో రద్దయితే దళారి ఫోనెత్తడు. ఆమెకు దిక్కెవరు?

పిల్లలు తమ సొంత మైళ్లతో అమ్మానాన్నలకు టికెట్టు తీయడానికి చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ఆ దారినే వెళ్లండి. మైళ్లు ఎవరివో తెలియని టికెట్టు కొనకండి. ఇప్పటికే మోసపోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.