రాతిబాట నడక



గోదావరి తీరమున పెరిగిన మనకు నడక క్రొత్త గాదు, రాయి క్రొత్త. ఏటిగట్టులు, కాలువగట్టులు, వరిచేల గట్లు మన పాదములకు మెత్తని మట్టినే అలవాటు చేసినవి. అట్టి పాదములతో శివరాత్రికి శ్రీశైలమునకు కాలినడకను పోవ సంకల్పించిన రాజమహేంద్రవరపు స్త్రీలకొఱకు ఈ మాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నేడు శ్రీశైలము వఱకు బస్సులు పోవుచున్నను, వెంకటాపురమునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారము చేరు పూర్వపు బాట శివరాత్రికిని ఉగాదికిని యాత్రికులతో నిండుచునే యున్నది. 1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారును ఈ త్రోవనే నడచిరి. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెను. ఆ శతాబ్దము చివర విజయనగర ప్రభువగు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ పాతాళగంగకు దిగు మెట్లు కట్టించినది. ఎక్కుటకంటె దిగుటయే కష్టమని ఆ తల్లి యెఱిగియుండును గాబోలు!

మెట్లు అంతటను లేవు. నల్లమల కొండలలో క్వార్ట్‌జైటు, పలకరాయి మెండు. మొదటిది విఱిగినచోట అంచు కత్తివలె నుండును. రెండవది పొరలుగా లేచి, అడుగు పెట్టగనే జారును. పైగా భీముని కొలను లోయకు దిగి, మరల కైలాసద్వారమునకు ఎక్కవలయును.

ఇట్టిచోట అడుగు చిన్నదిగా నుండవలయును. ముందఱి పాదము నిలిచినదని తెలిసిన పిమ్మటనే వెనుకటి పాదము నెత్తవలయును. దిగునపుడు మోకాలు కొంచెము వంచి, చేతికఱ్ఱను ముందుగా క్రింద నూనవలయును. రాయి కదలినచో వెనుకవారికి కేక వేసి చెప్పవలయును. మూట వీపున నుండవలెనే గాని చంకలో నుండరాదు. రెండు చేతులును విడిగా నుండుట ముఖ్యము. కుచ్చిళ్లు చీలమండలకు పైగా నుండవలయును. చెప్పులు క్రొత్తవి గాక, మడమకు పట్టీ గలవై యుండవలయును. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గి, గాయమైనను తెలియకపోవచ్చును. వారు మ్రొక్కు పేర చెప్పులు విడువరాదు. ఎండకు రాయి కాలును గనుక వేకువనే బయలుదేరుట మేలు.

వీనికన్న ముఖ్యమైన మాట యొకటి. మన స్త్రీలు ఇంటియందు నొప్పిని దాచికొన్నట్లే త్రోవయందును దాచికొందురు. మడమ యొరసికొనుచున్నను, దాహమగుచున్నను, తనవలన నలుగురికి ఆలస్యమగునని నోరు మెదపరు. చాటు దొరకదని నీరే త్రాగనివారును కలరు. బల్లపరుపు నేలపై దీనిచే అలసట మాత్రమే కలుగును. రాతిబాటపై పడిపోవుట సంభవించును. అడవి నడుమ కాలు మడతపడినచో ఆమెను మోయవలసినవారు ఆ నలుగురే. కావున సకాలమున “ఆగుడు” అనుట ఇతరులకు చేయు ఉపకారమే. జట్టులోని పురుషులును, పెద్దలును ఆ మాటను విసుగుకొనక వినవలయును. అందఱికంటె నెమ్మదిగా నడచునామెను ముందుంచి, ఆమె నడకనే అందఱును అనుసరించినచో చిక్కే లేదు.

అభ్యాసము లేనిదే ఏదియు రాదు. నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖర మెక్కినది. ఆమె మొదట సాధన చేసినది భువనగిరి రాతిగుట్టమీదనే. మనకు గుట్ట లేకున్నను రేవులున్నవి. ప్రయాణమునకు ఒక మాసము ముందునుండి కోటిలింగాల రేవున గాని, పుష్కరాల రేవున గాని, నాచులేని పొడిమెట్లు ఎక్కి దిగుచుండుడు. దిగునపుడు తొడకండరములు బరువును మోయుచునే సాగును. అలవాటు లేనివారికి మఱునాటినుండి వచ్చు నొప్పికి ఇదియే కారణము. మరల మరల దిగుచుండగా ఆ నొప్పి తగ్గిపోవును.

అటుకులు, వేయించిన సెనగలు, బెల్లము, నీరు మూటలో నుండవలయును. అది పులుల అభయారణ్యము గనుక అటవీశాఖవారు అనుమతించిన దినములలోనే, జట్టుగానే పోవలయును.

రేపు ఉదయముననే రేవుకు పోయి ప్రారంభింపుడు.