పెరటి కూరకు ముందు నీటి లెక్క

ఇంట్లో కూరగాయలు పండించుకుందామనుకునే కొత్తవారికి దొరికే సలహాల్లో చాలావరకు హైదరాబాద్ డాబాల మీద పుట్టినవే. ఉద్యాన శాఖ ‘మన ఇల్లు - మన కూరగాయలు’ పేరిట సగం రాయితీతో కిట్లు ఇచ్చిందీ ప్రధానంగా నగరవాసుల కోసమే. గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు, వర్మీ కంపోస్టు, వేపనూనె, టమాట నారు... ఈ జాబితా పట్టుకుని దేవరకొండలోనో నారాయణపేటలోనో ఫిబ్రవరిలో మొదలుపెట్టిన వారి సంచులు మే దాటేసరికి మెట్ల కిందికి చేరతాయి. తమ చేతిలో చలవ లేదని వారు నొచ్చుకుంటారు. లోపం చేతిలో లేదు, జాబితాలో ఉంది. అందులో నీళ్ల ఊసే లేదు.

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో వేసవి ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతుంది. కాలిన స్లాబు మీద పెట్టిన సంచిలో వేర్లు ఉడుకుతాయి. రాత్రి వేడి తగ్గకపోతే టమాట పూత పిందె కట్టకుండానే రాలిపోతుంది. అలాంటి ఎండలో ఇరవై సంచులను బతికించాలంటే రోజుకు రెండు బిందెల నీళ్లయినా కావాలి. ఆ రెండు బిందెలు ఎక్కణ్నుంచి వస్తాయన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

బోరు నీళ్లుంటే చాలుననుకోవద్దు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ప్రజలు తరాల తరబడి అంతకు ఎన్నో రెట్లు తాగడంతో వారి ఎముకలు వంగిపోయాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారంటే ఈ జిల్లాకు ఎలాంటి కీర్తి దక్కిందో ఊహించుకోవచ్చు. అలాంటి బోరు నీటిని కుండీలో రోజూ పోస్తే ఉప్పు కిందికి దిగే దారి లేక మట్టిలోనే పేరుకుంటుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే సంగతి అదే. ఫ్లోరైడ్‌ను కాయ కంటే ఆకే ఎక్కువగా నిలవేసుకుంటుంది కాబట్టి ఆకుకూరకు ఈ నీళ్లు వీలైనంత తగ్గించడం మేలు.

బోరు కాకపోతే నల్లా. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వెలసిన తాగునీటి పథకం మిషన్ భగీరథ లక్ష్యం పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు. ఆ నల్లా నీటిని నేరుగా మొక్కలకు మళ్లించమని నేననను. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం మోరీ పాలు కాకూడదు. వెనకటి ఇళ్లలో బోళ్లు తోమే బండ నుంచి పిల్లకాలువ అరటి మొదట్లోకో, మునగ మొదట్లోకో పోయేది. సీసీ రోడ్డు, మోరీ వచ్చాక ఆ కాలువ మూసుకుపోయింది. ఊరు శుభ్రపడింది నిజమే, పెరడు మాత్రం ఎండిపోయింది. సబ్బు నీళ్లను ఆకుకూరల మీద పోయకూడదు కానీ అరటి వంటి చెట్లకు మళ్లించవచ్చు.

ఇక దిగుబడి. మనిషి రోజుకు పండ్లు, కూరగాయలు కలిపి 400 గ్రాములైనా తినాలంటారు. నలుగురున్న ఇంటికి అది 1.6 కిలోలు. నాలుగు గజాల జాగాలో అది పండదు. పండుతుందని చెప్పేవాళ్లను నమ్మవద్దు. పండేది ఆకు. తోటకూర, మెంతికూర నెల తిరిగేలోపే కోతకొస్తాయి. పాలకూర కోసిన కొద్దీ చిగురిస్తుంది. పుంటికూరకు పెద్ద మర్యాదలేం అక్కర్లేదు. మార్కెట్‌లో కొన్న ఆకుకూర మర్నాటికి వాడిపోతుంది. కాబట్టి కొత్తవారు మొదలుపెట్టాల్సింది టమాటతో కాదు, ఆకుకూరతో.

ఆకుకూర అవసరం ఆరోగ్య లెక్కల్లోనూ కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి, ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో తిండి సంగతి ఇంకా ముఖ్యం. ఒంట్లో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ దెబ్బ గట్టిగా తగులుతుంది. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని 2002లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. మన పప్పుచారు మరీ తీసిపారేయదగ్గదేం కాదు.

అలాగని పెరడే మందు అనడం అతిశయోక్తి. ఆకులోని ఇనుము ఒంటికి పట్టేది కొంతే. నిమ్మరసం పిండుకుంటే ఇంకొంత పడుతుంది, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఉన్నదీ తగ్గుతుంది. బంగ్లాదేశ్‌లో హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ సంస్థ విటమిన్ ఏ లోపం మీద పోరాటంగా 1990 నుంచి పెరటి తోటలు వేయించింది. ఇలాంటి పథకాల వల్ల కంచంలో రకాలు పెరిగాయని అధ్యయనాలు ఒప్పుకున్నాయి. రక్తహీనత తగ్గిందనడానికి మాత్రం ఆధారాలు బలహీనంగానే ఉన్నాయి. అయినా ఆ ప్రయత్నంలో మనం ఎత్తుకోదగ్గ సంగతి ఒకటుంది: ఊళ్లోనే నర్సరీ, పక్కింటి ఆడవాళ్ల ద్వారానే నారు, విత్తనం, సలహా.

మనకు అలాంటి నర్సరీలు ఉన్నాయి. మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం కోసం ఉపాధి హామీ నిధులతో పంచాయతీకొకటి చొప్పున పెట్టారు. వాటిలో టేకు, గుల్‌మొహర్‌తో పాటు మునగ, కరివేపాకు, బొప్పాయి, నిమ్మ మొక్కల వాటా పెంచాలి. పాలమూరులో దీనికి ఇంకో కారణం ఉంది. పని కోసం ఇంటికి తాళమేసి నెలల తరబడి వలసపోయే కుటుంబానికి గ్రో బ్యాగు ఏ పాటి ఆసరా? వేరు దిగిన మునగ మాత్రం నీళ్లు పోసే దిక్కు లేకపోయినా యజమాని తిరిగొచ్చేదాకా ఓర్చుకుంటుంది.

విత్తనాల విషయంలో కాలం తప్పితే ఏం చేసినా లాభం లేదు. పందిరి చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఫిబ్రవరిలో పెడితే తీగ గోడెక్కి కూర్చుంటుంది తప్ప కాయ కనబడదు. వానాకాలం మొదట్లో పెడితే చలికాలమంతా కోసుకోవచ్చు. బీర, ఆనపకాయ విత్తనాలకూ మిరుగమే (మృగశిర కార్తె) మంచి అదను. ప్రభుత్వ విత్తన ప్యాకెట్లు ఎప్పుడొచ్చినా ఫొటోకు బాగానే ఉంటాయి కానీ, పందిరికి పనికొచ్చేవి జూన్ మొదటి వారంలోపు ఇంటికి చేరినవే. అందుకు పంచాయతీ తీర్మానం వేసవిలోనే జరగాలి. విత్తనాలు మహిళా సంఘాల దగ్గర ఉండాలి.