పైరసీకి పేదవాడి పేరెందుకు?

సంపాదకునికి,

పైరసీ సైట్ ‘ఐబొమ్మ’ నిర్వాహకుడన్న అభియోగంపై 2025 నవంబరులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసిన నాటినుంచి సామాజిక మాధ్యమాలలో పొంగుతున్న సానుభూతి చాలదన్నట్లు, మీ పత్రిక గత ఆదివారం అనుబంధంలో అటువంటి సైట్లను ‘పేదవాడి థియేటర్’ అని కీర్తిస్తూ వచ్చిన వ్యాసం సిద్దిపేటలో కొందరికైనా ఒళ్లు మండించింది.

ఆ థియేటర్‌కు గేటు ఎక్కడుందో వ్యాసకర్త చూసినట్లు లేదు. ఈ లేఖ రాసిన పాఠకుని ఇంట డిగ్రీ విద్యార్థి ఒకడు కొత్త సినిమా కోసం అటువంటి ఒక సైట్ తెరవగా, ప్లే గుర్తు నొక్కిన ప్రతిసారీ బెట్టింగ్ ప్రకటన ఊడిపడింది. దానిని మూసే ఆవగింజంత ఇంటూ గుర్తును గురిచూసి నొక్కితే మరొకటి వచ్చింది. చివరకు ఏపీకే ఫైలును, అంటే ప్లేస్టోర్ తనిఖీ లేకుండా నేరుగా ఫోన్‌లో ఎక్కే యాప్‌ను, దించుకుంటేనే బొమ్మ పడుతుందంటే దించుకున్నాడు. వారం తిరక్కముందే పరీక్ష ఫీజుకని ఖాతాలో దాచిన సొమ్ము ఊడ్చుకుపోయింది. ఫిర్యాదు చేయబోతే దక్కింది ‘ఆ సైట్లకెందుకు పోయినవ్?’ అన్న చీవాట్లు. ఎంత చవకైన వినోదం!

2013లో ‘అత్తారింటికి దారేది’లో పెద్ద భాగం ముందే బయటికి పొక్కినా, విడుదలను సెప్టెంబరు 27కు ముందుకు జరపగా ఘనవిజయం సాధించిందన్న వ్యాసకర్త ఉదాహరణ నిజమే కాని, ఆ సినిమా హీరో పవన్ కల్యాణ్ అభిమానగణం కొత్త హీరోకు అప్పుగా దొరకదు. శుక్రవారం విడుదలైన చిన్న సినిమా బాగుందన్న మాట జిల్లా కేంద్రానికి చేరేలోపే దాని ప్రింట్ ఫోన్లలో తిరిగితే, సోమవారానికి థియేటర్‌లో మరో బొమ్మ పడుతుంది.

టికెట్ ధరలపై వ్యాసకర్త కోపం మాత్రం న్యాయమైనదే. 2024 డిసెంబరు 4 రాత్రి ‘పుష్ప 2’ ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్‌పై అదనంగా 800 రూపాయలు గుంజడానికి తెలంగాణ ప్రభుత్వమే అనుమతించింది. ఇక మంచినీళ్ల సీసాను గేటు దగ్గరే లాక్కుని లోపల అంతకు రెట్టింపు ధరకు అమ్మే థియేటర్ల మర్యాద వేరే చెప్పాలా? అయితే ఆ కసి తీర్చుకోవడానికి ఫోన్ తాళాలు బెట్టింగ్ ముఠాల చేతికిచ్చే సలహాను పేదల పక్షమనడం ఏ న్యాయం?

2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం అక్రమ రికార్డింగుకు 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలును, 3 లక్షల రూపాయల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానాను విధిస్తున్నది కాని, ఆ విద్యార్థి ఫీజు ఏ ఖాతాకు చేరిందో చెప్పేవారు లేరు. వ్యాసకర్తకు చేతనైతే అది కనిపెట్టి వచ్చే ఆదివారం అచ్చువేయవచ్చు.

— ఒక పాఠకుడు, సిద్దిపేట