రేడియేటరునకు బోరునీరు తగదు

కొల్లాపురము మొదలగు మెట్టసీమ ఊళ్లలో బోరునీరు కాచిన కాగు లోపల తెల్లని పెచ్చు గట్టుట మీరెఱిగినదే. మోటారు సైకిలు రేడియేటరులో ఆ నీరు పోసినచో అచ్చటను పెచ్చు గట్టి, సన్నని గొట్టములు పూడి, ఇంజను మితిమీఱి వేడెక్కును. నీటియందలి లవణములు అల్యూమినియమును గుంటలు పడ తినివేయును. గాలికే చల్లారు బండ్లకు ఈ చింత లేదు. రేడియేటరు గల బండికి స్వేదనజలముతో కలిపిన కూలెంటునే పోయింపవలయును. అందలి తుప్పు నివారించు మందు కాలక్రమమున క్షీణించును గనుక, బండితో వచ్చిన పుస్తకమున జెప్పిన గడువునకు మార్పింపవలయును. తుప్పురంగు కనబడినచో జాగు చేయరాదు.

ఇంజను వేడిగా నున్నపుడు మూత విప్పినచో సలసల కాగు నీరు మొగముపై చిమ్మును, చల్లారువఱకు తాళుడు. తీసివేసిన కూలెంటు తియ్యగా నుండు విషము. దానిని వాకిట పాఱబోయక, బిడ్డలకును పశువులకును అందకుండ జూడుడని మా మనవి.