వృద్ధులకు అనువగు వీధులు

పెద్దలను గౌరవింపవలెనని మనము ప్రతిసభయందును వల్లించుచున్నాము. ఆ గౌరవము గడప దాటి వీధిలోనికి వచ్చినదా యని విచారింపవలసి యున్నది.

2011 జనాభా లెక్కలనుబట్టి దేశమున అఱువదేండ్లు నిండినవారు పదికోట్లకు పైబడిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతములలో పెక్కు గ్రామములనుండి యువకులు హైదరాబాదునకో, బెంగుళూరునకో, అమెరికాకో తరలిపోయిరి. పెద్ద పెద్ద లోగిళ్లలో ముసలి దంపతులు మాత్రమే మిగిలిరి. బిడ్డలు సొమ్ము పంపుదురు. కాని యా సొమ్ము బస్సు మెట్టును క్రిందికి దింపజాలదు. మురుగుకాలువపై బండ వేయజాలదు.

2007లో చేయబడిన వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము పోషణభారమును బిడ్డలపై నుంచినది. జిల్లాకొక వృద్ధాశ్రమమును, ఆసుపత్రులలో వృద్ధులకు వేఱు వరుసను ఉద్దేశించినది. మంచిదే. కాని యా ఆసుపత్రి వఱకు నడచు త్రోవ మాట అందు లేదు. ఆ సంవత్సరముననే ప్రపంచ ఆరోగ్యసంస్థ 33 నగరములలో విచారణ జరిపి, వృద్ధులకేమి కావలెనో వారినే యడిగి, ఒక మార్గదర్శిని ప్రకటించినది. మన దేశమునుండి ఢిల్లీ, ఉదయపురము అందు జేరినవి. వృద్ధులు గొప్ప భవనముల నడుగలేదు. కూర్చుండ చోటు, కాలుజారని నడకదారి, శుభ్రమగు మరుగుదొడ్డి, ఎక్కుటకు వీలగు బస్సు నడిగిరి.

ఇవి మనకు క్రొత్తవి కావు. వెనుక పెంకుటిండ్లకు వీధివైపు అరుగు లుండెడివి. ఎండను బడి పోవు ముసలివాడు అచట ఒక గడియ కూర్చుండి, మంచినీళ్లు త్రాగి సాగిపోవువాడు. నేడు అరుగులు పోయి ప్రహరీగోడలు లేచినవి. రోడ్డుమీద రోడ్డు వేయుటచే పాతయిండ్ల గడపలు పల్లమున బడినవి. ఆ అరుగులు అన్ని కులములవారికిని దక్కలేదనుటయు సత్యమే. కావుననే కులము నడుగని యరుగును ఇప్పుడు ఊరే కట్టవలెను.

పంచాయతీలకు నిధు లెక్కడివని కొంద ఱందురు. ఊరి మొదట స్వాగతతోరణములకును, విగ్రహములకును విరాళములు దొరకుచునే యున్నవి. అందు కొంతభాగముతో చెట్టునీడను రాతిబల్లలు వేయింపవచ్చును; కాలువలపై బండలు పఱపింపవచ్చును; పంచాయతీ కార్యాలయపు మెట్లకు చేపట్టుకమ్మి నమర్పవచ్చును. రోడ్లును, కల్వర్టులును పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములలో నున్నవని రాజ్యాంగమే చెప్పుచున్నది.

భూవసతిగల గృహస్థులును, పట్టణములలోని విద్యావంతులును దీనికి పూనుకొనవలెను. గ్రామసభలో వృద్ధులను ముందు మాటలాడనిండు. వారు తడబడు తావులను వారే చూపుదురు. ఇది దయాధర్మము కాదు. ఆ వీధిలో రేపు కఱ్ఱ యూతగా నడువవలసినవారము మనమే.