టిఫిన్ డబ్బా డిఫెన్స్

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ ఇప్పటికీ షేర్ చేసుకునే మీమ్ ఒకటుంది. ఒక పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి, కప్పు గెలిచినంత సంబరంగా కనిపిస్తారు. స్కోరు చూస్తే 0-0! ఆయన వర్జీనియా టెక్ హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్. 2014 నవంబర్‌లో వేక్ ఫారెస్ట్‌తో మ్యాచ్ అది. 60 నిమిషాల ఆట అయిపోయినా రెండు జట్లలో ఎవరూ ఒక్క పాయింట్ కూడా చేయలేదు. తర్వాత ఓవర్‌టైమ్‌లో వర్జీనియా టెక్ 6-3తో ఓడిపోయింది కూడా.

అందరూ బీమర్‌ని చూసి నవ్వుకున్నారు. నాకు మాత్రం ఆ ఫ్రేమ్‌లో పడని మనిషి మీదే ఇంట్రెస్ట్. అవతలి జట్టుని 60 నిమిషాలపాటు సున్నా దగ్గర ఆపిన డిఫెన్స్ కోచ్ బడ్ ఫాస్టర్. ఆ రోజు తన పని తాను పూర్తిగా చేశారు. అయినా రికార్డులో ఓటమే పడింది.

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ఇది కాలితో ఆడే మన ఫుట్‌బాల్ కాదు. బంతి చేతిలో ఉన్న జట్టుకి 4 ఛాన్సులు ఉంటాయి, ఆ 4లో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ 4. వెళ్లకుండా ఆపడమే డిఫెన్స్ పని. ఎటాక్ చేసే 11 మంది వేరు, ఆపే 11 మంది వేరు. దేనికి దానికి ఒక కోఆర్డినేటర్, ఆ ఇద్దరి పైన హెడ్ కోచ్. కబడ్డీ చూసేవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఊరంతా రైడర్ పేరు చెప్పుకుంటుంది. చైన్ పట్టుకుని కార్నర్‌లో నిలబడ్డవాడి పేరు ఎంతమందికి గుర్తుంటుంది?

ఫాస్టర్ కెరీర్ చూడ్డానికి చాలా సింపుల్‌గా ఉంటుంది. కెంటకీలోని మర్రే స్టేట్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడారు. 1981లో బీమర్ అక్కడ హెడ్ కోచ్ అయ్యారు, ఫాస్టర్ ఆయన దగ్గరే కోచింగ్ మొదలుపెట్టారు. 1987లో బీమర్ వర్జీనియా టెక్‌కి వెళ్తుంటే వెంట వెళ్లారు. 2019 దాకా అక్కడే ఉన్నారు. మొత్తం 33 సీజన్లు, అందులో 25 డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా. ఒక్కసారి కూడా హెడ్ కోచ్ కాలేదు. లింక్డ్‌ఇన్‌లో పెడితే రెండు లైన్లు కూడా రాదు.

మొదట్లో పరిస్థితి అస్సలు బాలేదు. 1992లో ఆ జట్టు 11 మ్యాచ్‌లలో గెలిచింది రెండే. 1995లో ఫాస్టర్‌కీ, రాడ్ షార్ప్‌లెస్‌కీ కలిపి డిఫెన్స్ అప్పగించారు. ఇక్కడే డబ్బా కథ మొదలవుతుంది.

షార్ప్‌లెస్ అత్తగారు ఒక పాత లంచ్ డబ్బా సంపాదించి ఇచ్చారు. వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల్లో పనిచేసిన ఒక కార్మికుడిదట. తుప్పు పట్టి, సొట్టలు పడి ఉంది. సింగరేణి ఊళ్లలో పెరిగినవాళ్లకి ఈ బొమ్మ వెంటనే కళ్లకి కడుతుంది: తెల్లారకముందే షిఫ్టుకి బయల్దేరిన మనిషి, చేతిలో టిఫిన్ డబ్బా. ఫాస్టర్ దాన్నే డిఫెన్స్ గుర్తుగా చేసేశారు. సీజన్ టార్గెట్లు కాగితం మీద రాసి అందులో పెట్టేవారు. బాగా ఆడిన కుర్రాడు మ్యాచ్ రోజు దాన్ని మోసుకెళ్లాలి. ఆ 1995లో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడిన జట్టు, తర్వాతి పదీ వరసగా గెలిచింది. సీజన్ చివర్లో షుగర్ బౌల్‌లో టెక్సస్‌ని 28-10తో కొట్టింది.

ఇదంతా మోటివేషన్ డ్రామా కదా అని మీకు అనిపించొచ్చు. ఆఫీసుల్లో గోడల మీద అతికించే పోస్టర్లు చూసీ చూసీ నాకూ ఇలాంటివాటి మీద అలర్జీనే. కానీ 2007 ఏప్రిల్ 16న ఆ క్యాంపస్‌లో కాల్పులు జరిగి 32 మంది చనిపోయారు. మన దేశం నుంచి వెళ్లిన సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ వాళ్లలో ఒకరు. ఆ సీజన్‌లో ఆ 32 పేర్లూ డబ్బాలో పెట్టుకుని ఆడారు. అది చదివాక ఆ డబ్బాని పోస్టర్ల లెక్కలో వేయలేకపోయాను.

డబ్బాతోనే మ్యాచ్‌లు గెలవరులెండి. ఫాస్టర్ బుర్ర ఎలా పనిచేసేదో తెలియాలంటే 2014 సెప్టెంబర్ 6న ఒహాయో స్టేట్ మ్యాచ్ చూడాలి. వాళ్ల గ్రౌండ్, లక్షమందికి పైగా జనం. వాళ్ల స్టార్ క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కి ముందే గాయంతో అవుట్. జె.టి. బారెట్ అనే కుర్రాడికి అది రెండో మ్యాచ్. ఫాస్టర్ ఏం చేశారంటే, 'బేర్' అనే పాత ఫార్మేషన్ బయటికి తీశారు. బంతి చుట్టూ మనుషుల్ని దట్టంగా నిలబెట్టి, పరిగెత్తే దారులన్నీ మూసేశారు. బంతి విసిరితే ఆపాల్సిన కార్నర్లని ఒంటరిగా వదిలేశారు, వాళ్ల వెనక బ్యాకప్ లేదు. ఒక్క పాస్ సరిగ్గా పడితే టచ్‌డౌనే. అంటే బ్యాకప్ సర్వర్లన్నీ ఆపేసి, ఆ పవరంతా ఒక్క ఫైర్‌వాల్ మీద పెట్టినట్టు. 'ఈ కుర్రాడు ఒత్తిడిలో ఆ పాస్ వేయలేడు' అన్న ఒక్క లెక్క మీద పెట్టిన పందెం అది. బారెట్‌ని 7 సార్లు పడగొట్టారు, 3 పాస్‌లు లాక్కున్నారు. వర్జీనియా టెక్ 35-21తో గెలిచింది. ఆ ఏడాది నేషనల్ ఛాంపియన్ ఒహాయో స్టేటే, వాళ్లు సీజన్ మొత్తంలో ఓడింది ఈ ఒక్క మ్యాచే.

మరి వర్జీనియా టెక్? పక్క వారమే సొంత గ్రౌండ్‌లో ఈస్ట్ కరోలినా చేతిలో ఓడింది. నవంబర్‌లో ఆ 0-0 మీమ్. చివరికి 7 గెలుపులు, 6 ఓటములు.

మా ఫీల్డ్‌లో ఈ బాధ అందరికీ తెలిసిందే. సేల్ రోజు రాత్రి సైట్ పడిపోతే పదిమంది వైస్ ప్రెసిడెంట్లు కాల్‌లోకి వస్తారు. పడిపోకపోతే, పడిపోకుండా చూసినవాడికి ఒక్క మెయిల్ రాదు. కొత్త ఫీచర్ చేసినవాడికి అప్రైజల్‌లో స్క్రీన్‌షాట్ ఉంటుంది. జరగనిదానికి స్క్రీన్‌షాట్ ఎక్కడ దొరుకుతుంది?

అలాగని ఫాస్టర్‌ని 'పాపం' అనకండి. ఆ స్థాయి కోఆర్డినేటర్లకి జీతాలు లక్షల డాలర్లలో ఉంటాయి. పేరు కూడా వచ్చింది. 2005, 2006లలో ప్రత్యర్థులకి అతి తక్కువ గజాలు ఇచ్చిన డిఫెన్స్ దేశం మొత్తంలో ఆయనదే. 2006లో అసిస్టెంట్ కోచ్‌లకిచ్చే బ్రాయిల్స్ అవార్డూ వచ్చింది. వేరే చోట్ల హెడ్ కోచ్ రేసులో ఆయన పేరు వినపడుతూనే ఉండేది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అయితే రెండేళ్లు దాటి ఒకే కంపెనీలో ఉంటే "ఏంట్రా, ఆఫర్లు రావట్లేదా?" అంటారు. పెళ్లిళ్లలో కలిసే పెదనాన్నలది వేరే ప్రశ్న: "ఇంకా మేనేజర్ కాలేదా?"

ఆ ప్రశ్న ఫాస్టర్‌కి 2015లో గట్టిగానే ఎదురైంది. బీమర్ రిటైర్మెంట్ ప్రకటించారు. 29 సీజన్లు పక్కనే ఉన్న మనిషికి ఇస్తారనే చాలామంది ఆశపడ్డారు. కాలేజీ మాత్రం మెంఫిస్ నుంచి జస్టిన్ ఫ్యూంటేని తెచ్చింది. ఆయన వయసు 39, ఫాస్టర్‌ది 56. మనలో చాలామంది ఆ సాయంత్రమే రెజ్యూమె అప్‌డేట్ చేస్తాం. ఫాస్టర్ ఉండిపోయారు, కొత్త బాస్ కింద అదే పని. మరుసటి సీజన్‌లో జట్టు 10 మ్యాచ్‌లు గెలిచింది. దాన్ని విధేయత అని పొగిడేవాళ్లు చాలామంది. నాకైతే అందులో కొంచెం మొండితనం కూడా ఉందనిపిస్తుంది. కుర్చీ ఎవరిదైనా సరే, ఈ డిఫెన్స్ మాత్రం నాది అనుకునే మొండితనం.

2019 ఆగస్టులో, ఇదే నా ఆఖరి సీజన్ అని ప్రకటించారు. సెప్టెంబర్‌లోనే సొంత గ్రౌండ్‌లో డ్యూక్ 45 పాయింట్లు బాదింది. ఈయన పని అయిపోయిందన్నారు. నవంబర్‌లో జార్జియా టెక్ మీద 45-0. వారం తర్వాత, ఆయన చివరి హోమ్ మ్యాచ్‌లో పిట్స్‌బర్గ్ మీద 28-0. వరసగా రెండు మ్యాచ్‌లలో అవతలివాళ్లకి సున్నా.

అక్కడితో ఆగి ఉంటే సినిమా క్లైమాక్స్‌లా ఉండేది. ఇంకో రెండు మ్యాచ్‌లు మిగిలాయి. మొదటిదాంట్లో పక్క రైవల్ వర్జీనియా చేతిలో 39-30తో ఓటమి. 15 ఏళ్లుగా ఏటా వాళ్లనే ఓడిస్తూ వచ్చిన రికార్డు అలా పోయింది. డిసెంబర్ 31న బెల్క్ బౌల్. ప్రత్యర్థి కెంటకీ, ఆయన కోచింగ్ మొదలుపెట్టిన రాష్ట్రం నుంచే వచ్చిన జట్టు. ఆఖరి నిమిషం దాకా వర్జీనియా టెక్కే ముందుంది. ఇంకో 15 సెకన్లు ఉందనగా ఫాస్టర్ డిఫెన్స్ మీద ఒక పాస్ పడింది, టచ్‌డౌన్. 37-30. ఆయన తర్వాత ఆ ఉద్యోగం జస్టిన్ హామిల్టన్‌కి వెళ్లింది, ఒకప్పుడు అదే జట్టుకి ఆడిన కుర్రాడు.