ఆసుపత్రికి యజమాని ఎవరు?

మన పల్లెల్లో పాలు పోయడానికి సంఘం ఉంది. ఎరువులు తెచ్చుకోవడానికీ, పంట రుణం పొందడానికీ పరపతి సంఘం ఉంది. చేనేత కార్మికులకూ, మత్స్యకారులకూ సంఘాలున్నాయి. కాని ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు చేస్తే మాత్రం ఆ సంఘ సభ్యుడే ఒంటరివాడై వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. పదిమందితో కలిసి పాలు అమ్ముకోగలిగిన రైతు, పదిమందితో కలిసి వైద్యాన్ని సమకూర్చుకోలేడా?

జపానులోని నాగనో ప్రాంతంలో సాకు అనే ఆసుపత్రి ఉంది. అది రైతుల సహకార వ్యవస్థకు చెందినది. 1945లో, యుద్ధం ముగియడానికి కొన్ని నెలల ముందు, వాకాత్సుకి తోషికాజు అనే యువ శస్త్రవైద్యుడు అక్కడికి వచ్చాడు. అప్పటికది చిన్న వైద్యశాల. జబ్బు ముదిరిన తరువాత గాని రోగులు రావడం లేదని ఆయన గమనించాడు. అందుకు అజ్ఞానం ఒక్కటే కారణం కాదు. పేదరికం, తెమలని పొలం పని, బాధను ఓర్చుకోవడమే మర్యాద అనుకునే అలవాటు కూడా కారణాలే. అందుచేత ఆయన సహచరులతో కలిసి సెలవు దినాల్లో పల్లెలకు బయలుదేరాడు. రోగులను పరీక్షించడంతో పాటు ఆరోగ్య విషయాలపై నాటకాలు కూడా వేశారు! 1959లో యచిహో గ్రామంలో ఊరందరికీ ఏటేటా ఆరోగ్య పరీక్షలు జరపడం ప్రారంభమైంది. 1976లో వాకాత్సుకికి రామన్ మెగసెసే పురస్కారం లభించింది. నా దృష్టిలో ఆ పురస్కారం కన్నా ఆ నాటకాలే గొప్పవి. జబ్బులు పెరిగితే ఆదాయం పెరిగే చోట నివారణ కోసం ఎవరు తాపత్రయపడతారు? రైతులదైన ఆసుపత్రికి సభ్యుడు జబ్బుపడకపోవడమే లాభం.

ఈ పద్ధతి అందరికీ రుచించదు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, ఎల్క్ సిటీ అనే చిన్న పట్టణంలో, 1929లో మైకేల్ షదీద్ అనే వైద్యుడు రైతులచేత యాభై డాలర్ల వాటాలు కొనిపించి సహకార ఆసుపత్రికి పూనుకున్నాడు. ఆయనను వెలివేయడానికి తోటి వైద్యులు తమ స్థానిక వైద్య సంఘాన్నే రద్దుచేసి, ఆయన లేకుండా మళ్లీ ఏర్పాటు చేసుకున్నారు.

పొరుగున ఉన్న కర్ణాటక అనుభవం మనకు మరింత దగ్గరిది. అక్కడ 2003లో యశస్విని పథకం అమలులోకి వచ్చింది. సహకార సంఘ సభ్యుడైన రైతు నెలకు ఐదు రూపాయల చొప్పున ఏడాదికి 60 రూపాయలు చెల్లిస్తే, నిర్ణీత శస్త్రచికిత్సలు ఉచితం. హృద్రోగ శస్త్రవైద్యుడు దేవీశెట్టి ఆలోచనకు సహకార శాఖ తోడైంది. ప్రభుత్వం కొంత సొమ్ము కలిపింది. మొదటి ఏడాదే సుమారు 16 లక్షల మంది చేరారు. అయితే 2005లో రుసుమును 120 రూపాయలకు పెంచినప్పుడు లక్షల మంది తప్పుకున్నారు. 2018లో ప్రభుత్వం ఆ పథకాన్ని తన సార్వత్రిక ఆరోగ్య పథకంలో కలిపివేసింది. తిరిగి 2022లో పునరుద్ధరించింది. కలిపినప్పుడు గాని, విడదీసినప్పుడు గాని ఓటు వేసే హక్కు రైతుకు లేదు. సొమ్ము రైతుది, నిర్ణయం అధికారులు, వైద్యులతో కూడిన ట్రస్టుది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదల ప్రాణాలు నిలిపింది. కాని అందులోనూ పేదవాడు లబ్ధిదారుడే గాని యజమాని కాడు.

యాజమాన్యం తేలిక అని నేననను. పాల సంఘంలో పోసిన పాలకు సొమ్ము ఎప్పటికప్పుడు చేతికి వస్తుంది. ఆరోగ్య సంఘంలో జబ్బుపడనివాడు “నా డబ్బు ఏమైంది?” అని అడుగుతాడు. అడగడం తప్పు కాదు. ఆ డబ్బు పక్కింటివాని ప్రాణం నిలిపిందని ఓపికగా లెక్క చూపాలి. సంఘ ఎన్నికల్లోకి పార్టీల తగవులు ప్రవేశిస్తే ఆ లెక్కను ఎవరూ నమ్మరు. గుండె శస్త్రచికిత్సలు మండలస్థాయి సంఘం వల్ల అయ్యే పని కూడా కాదు. అలాంటి సంఘం చౌక మందులతో, రక్తపోటు, మధుమేహ పరీక్షలతో ఆరంభించడమే మంచిదని నా అభిప్రాయం.

ఇలా చిన్నగా నడిచినవారు మన దేశంలోనే ఉన్నారు. ఇలా భట్ స్థాపించిన ‘సేవా’ సంస్థకు చెందిన మహిళలు గుజరాత్‌లో 1990లో లోక్ స్వాస్థ్య మండలి అనే ఆరోగ్య సహకార సంఘాన్ని నమోదు చేయించారు. ఆ సంఘం అహ్మదాబాదులో చౌక ధరలకు మందులమ్మే దుకాణాలు నడిపింది. దాని వాటాదారులు పెట్టుబడిదారులు కారు. పల్లెల్లో పురుళ్లు పోసే మంత్రసానులు, బస్తీల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు.